ఇంజన్ పొగలో మా పొగ

"పొగకు హద్దు పెడ్తరటనే. దేశాలన్ని ఒక్కకాడ కూసొని మాట్లాడుకుంటున్నయట," అన్నాడు మా ఆయన, రేడియో చెవికి ఆనించుకొని.

"పెట్టనియ్. పెద్ద గొట్టాల కాడ మొదలు పెట్టమను. ముందుగాల నువ్వు చాయ్ తాగు, సల్లగైతున్నది."

"ఏడ మొదలు పెడ్తే ఏంది? మొదలైతే సాలు."

"అందరికన్న ముందు నా భట్టి కాడ మొదలు పెట్టిచ్చినవ్. గది సాల్లేదా?"

ఆయన నవ్వాడు. "నీ భట్టి ఆరిందా ఏంది?" అన్నాడు.

అదే ఆఖరి మాట. గ్లాసు ఆయన చేతికిచ్చి నేను హోటల్‌కు వెళ్ళాను. పొద్దెక్కి తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది, రేడియోలో ఎవరో పంటల గురించి చెబుతున్నారు, ఆయన లేడు. చాయ్ తాగే పోయాడు. అదొక తృప్తి నాకు.

కర్మకు వచ్చినవాళ్ళంతా ఒక్కటే అడిగారు, ఆఖరికి ఏం చెప్పాడని. పిల్లల గురించో, పొలం గురించో చెప్పి ఉంటాడని వాళ్ళ లెక్క. పొగ గురించి మాట్లాడుకున్నామంటే ఒక్కరూ నమ్మలేదు. కానీ మా ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచిన కొట్లాట అదే. ఎవరి మాట నెగ్గిందో తేలకముందే ఆఖరి మాట తను తీసుకొని వెళ్ళిపోయాడు. అందుకే ఇది రాయిస్తున్నాను. రాసేది మా చెల్లె కూతురు, బడిలో పాఠాలు చెప్పే పిల్ల. నాకు వచ్చింది సంతకం ఒక్కటే, అదీ తొందర పెడితే తప్పు పోతుంది.

మాది మంథని దగ్గర పల్లె. వరి పండించుకునే ఇల్లు. అక్కడ పొయ్యిలోకి కందికట్టె, తుమ్మకట్టె, ఏది దొరికితే అది. పొగ వస్తే కళ్ళు నలుపుకునేవాళ్ళం, అంతే. పెళ్ళయి బెల్లంపల్లికి వచ్చాక బొగ్గు పొగ చూశాను. అది కట్టె పొగలాగా తేలిపోయేది కాదు. పచ్చగా, బరువుగా, తడి గొంగడి పరిచినట్టు వాడ మీద కూర్చునేది. మొదటి వారంలోనే కన్నతల్లి మా అవ్వకు ఉత్తరం రాయించాను, ఈ ఊళ్ళో పొద్దు పొడవదు, మబ్బులోనే వండుకుంటున్నారని. అవ్వ భయపడి బాపును పంపింది. బాపు రెండు రోజులుండి, నాలుగుసార్లు స్నానం చేసి, "ఊరు మంచిగనే ఉన్నది గని బిడ్డా, తెల్ల ధోతి ఏసుకొని రావద్దు" అని చెప్పి వెళ్ళాడు.

గని పనివాళ్ళ ఇళ్ళకు బొగ్గు బండి మీద వచ్చి వాకిట్లో పడేది. ఆడవాళ్ళం సుత్తెలతో పగలగొట్టుకునేవాళ్ళం. పాత బకెట్టుకు మట్టి మెత్తి చేసిన పొయ్యిలో కింద పిడకలు, పైన బొగ్గు పేర్చి, కిరోసిన్ గుడ్డతో అంటించి వీధిలో పెట్టేవాళ్ళం. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక పొయ్యిని లోపలికి తెచ్చుకునేవాళ్ళం. నిప్పు ఇంటికి, పొగ వీధికి. అందరూ అలాగే చేసేవాళ్ళు కాబట్టి అది తప్పని ఎవరికీ తోచలేదు.

మా ఆయన గనిలో సర్దారు. పేరు చూసి పెద్ద హోదా అనుకోవద్దు. పనివాళ్ళు దిగే ముందు చేతిలో దీపం పట్టుకొని లోపలికి పోయి, గ్యాసు ఉందో లేదో చూసి రావాలి. దీపం మంట బాగా తగ్గించి పట్టుకుంటే, గ్యాసు ఉన్నచోట ఆ మంట మీద నీలంగా చిన్న టోపీ లేస్తుందట. ఆ టోపీ ఇంత ఎత్తు దాటిందంటే పని బందు, అందరూ బయటికి. ఇంత అంటే ఎంతో చట్టంలో రాసి ఉందట. ఆ మాట చెప్పేటప్పుడు వేలి మీద బొటనవేలు ఆనించి కొలత చూపేవాడు, బంగారం తూచే కంసాలిలాగా.

"దీపం నీలం టోపీ పెట్టుకున్నదంటే దాని ముంగట మేనేజరు లేడు, కూలీ లేడు," అనేవాడు. "నా తోడబుట్టినోడైనా సరే, నడువు పైకి అంటా."

"గంత మంచి దీపమైతే పైకి తేరాదయ్యా? మన వాడ పొగకు పట్టి సూద్దాం."

"గది గ్యాసును సూస్తదే. పొగకు నీ ముక్కు సాలదా?"

నా ముక్కుకు అప్పటికే అలవాటైపోయింది.

పిల్లలు కాస్త ఎదిగాక గని గేటుకు పోయే దారిలో హోటల్ పెట్టాను. హోటల్ అంటే ఏముంది, రేకుల కప్పు, రెండు బల్లలు, ఇటుకలతో కట్టిన పెద్ద భట్టి. చాయ్, ఉప్మా, మిర్చీలు. ఆ వరసలో మొత్తం ఐదు హోటళ్ళు. నా పక్కది ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినామెది. జొన్నరొట్టెలు చేసేది. సగం మరాఠీ, సగం తెలుగు. ఆమెను అందరం బాయి అనే పిలిచేవాళ్ళం. మా వెనక గోడ, గోడ అవతల రైలు పట్టాలు. మా ముందు దారి, దారికి అవతల చిన్నపిల్లల బడి.

పొద్దున్నే భట్టి ఒకసారి వెలిగిస్తాం. ఉదయం గిరాకీ అయిపోయాక బూడిద దులిపి, రెండో షిఫ్టువాళ్ళ కోసం కొత్త బొగ్గు వేస్తాం. చిక్కంతా ఈ రెండో సారితోనే. పచ్చి బొగ్గు అంటుకునేదాకా పొగ ఆపడం ఎవరి తరం కాదు. అప్పుడే బడి నడుస్తూ ఉంటుంది. ఐదు భట్టీల పొగ దారి దాటి తిన్నగా ఆ పిల్లల మధ్యకు పోయి కూర్చునేది. మా మిర్చి వేగే చప్పుడు ఇటు, వాళ్ళ దగ్గులు అటు.

ఒకరోజు పంతులమ్మ వచ్చింది. "అక్కా, నీ భట్టి జర ఆగి పెట్టు. బువ్వ గంట కొట్టినంక పెట్టు. పిల్లలు ఎక్కాలు సదవలేకపోతున్నరు," అంది. మర్యాదగా అడిగింది కాబట్టి సరే అన్నాను. మూడు రోజులు ఆగాను. బువ్వ గంట కొట్టాక వెలిగించేసరికి నా నీళ్ళు కాగకముందే రెండో షిఫ్టు గనిలోకి దిగే వేళయ్యేది. నా గిరాకీ అంతా బాయి బల్లల మీద కూర్చొని, "ఏమక్కా, నీ చాయ్ రేపటికన్న అయితదా?" అని నన్నే ఎగతాళి చేసేవాళ్ళు. నాలుగోరోజు అందరికంటే ముందు నేనే అంటించాను. పంతులమ్మ కిటికీలోంచి చూస్తోందని చాయ్ గిన్నె వెనక మొహం దాచుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "నేనొక్కదాన్ని ఆగితే పొగ ఏం తగ్గలే. నా గిరాకే తగ్గింది."

"గందుకే హద్దు అందరికి ఒక్కతీర్గ ఉండాలంట," అన్నాడు. అప్పుడు నాకు ఆ మాట ఎక్కలేదు. పుండు మీద ఉప్పు చల్లినట్టే ఉండింది.

కొన్నాళ్ళకు నిజంగానే హద్దు వచ్చింది. సర్కారు ఆఫీసు నుంచి ఒక సార్ వచ్చాడు. లేత మొహం, మెడలో చేతిరుమాలు. చేతిలో ఒక అట్ట. దాని మీద తెలుపు నుంచి నలుపు దాకా వరసగా గడులు. పొగకు ఎదురుగా ఆ అట్ట పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. పొగ మూడో గడి కంటే నల్లగా ఉంటే తప్పు. మొదటిసారి దొరికితే చీటీ ఇస్తారు. రెండోసారి దొరికితే భట్టి పడగొడతారు. అప్పటికప్పుడే ఐదుగురికీ తలా ఒక చీటీ చేతిలో పెట్టిపోయాడు. మా ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టుకొని రెండుసార్లు గట్టిగా చదివి వినిపించాడు.

"మంచిగ రాసిండ్రు," అన్నాడు.

"మంచిగనా? నా భట్టి కూలగొడ్తనంటే మంచిగనా?"

"అచ్చరాలు మంచిగున్నయ్ అంటున్ననే."

ఆ రాత ఎంత ముద్దుగా ఉన్నా, ఇంకొక్కసారి దొరికితే నా హోటల్ ఉండదు. భట్టి లేని హోటల్ బల్లలు ఏం చేసుకోను? పరేషాన్ అయిపోయాను. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. ఇన్నేళ్ళూ అది బాయి తెలివని చెప్పుకుంటూ వచ్చాను. రాతలోకి ఎక్కుతోంది కాబట్టి నిజం చెబుతున్నాను, నాదే.

మా వెనక పట్టాల మీద రోజూ పొద్దెక్కాక బొగ్గు బండి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగేది. దాని ఇంజన్ వదిలే పొగ ముందు మా ఐదు భట్టీలు ఒక లెక్కా? గోడ దాటి వచ్చి మా రేకుల మీద నల్లగా పడేది.

"బాయీ," అన్నాను, "ఇంజన్ కూత ఇనంగనే అందరం ఒక్కపారే అంటిద్దాం. దాని పొగల మన పొగ కలిస్తే ఎవడు ఏరుతడు?"

"అర్రె వా!" అంది బాయి. "సార్ అట్ట ఇంజన్‌కు పట్టాలె మరి."

అంతే. రోజూ పిడకలు పేర్చి, బొగ్గు వేసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని ఐదుగురం గోడకు చెవులు పెట్టి నిలబడేవాళ్ళం. కూత వినపడగానే ఐదు పుల్లలు ఒకేసారి గీసేవాళ్ళం. సార్ వచ్చేవాడు, అట్ట ఎత్తేవాడు, మా వైపు చూసేవాడు, గోడ అవతలికి చూసేవాడు.

"ఇది మీ పొగేనా?"

"ఇంజన్‌ది సారూ."

"అంతా ఇంజన్‌దేనా?"

"మాది అండ్ల ఏడనన్న ఉంటే మీరే ఏరుకోండ్రి."

పాపం, అట్ట చంకలో పెట్టుకొని వెళ్ళిపోయేవాడు. రెండు నెలలు ఇలా నడిచింది. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయనే పోయి సార్‌కు చెప్పేసే రకం.

ఒకరోజు కూత తేడాగా వినిపించింది. సన్నగా సాగే కూత కాదు, ఎద్దు రంకె వేసినట్టు బొంగురుగా.

"ఏందే గిది? ఇంజన్ గొంతు పోయిందా?" అన్నాను.

"సర్ది అయిందేమో," అంది బాయి.

కూత కూతే కదా అని ఐదుగురం పుల్లలు గీశాం. పిడకలు అంటుకున్నాయి. పచ్చ పొగ గుప్పున లేచింది. బండి వచ్చే చప్పుడు వినిపిస్తోంది, దగ్గరవుతోంది, కానీ గోడ మీద నుంచి పొగ రావడం లేదు. బాయి స్టూల్ ఎక్కి తొంగి చూసింది.

"ఏమైంది బాయీ?"

"గొట్టమే లేదు అక్కా. రంగేసిన డబ్బా లెక్క ఉన్నది. పొగే లేదు."

ఆరోజు నుంచి ఆ బండికి డీజిల్ ఇంజన్ తగిలించారట. మాకు ఎవరు చెబుతారు? ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. అందులో ఐదు స్తంభాలు నిలబెట్టినట్టు మా పొగలు. ఎదురుగా దారి మధ్యలో సార్, చేతిలో అట్ట. దాన్ని ఎత్తి పట్టాల్సిన పని కూడా లేకపోయింది.

"ఇప్పుడు చెప్పండమ్మా, ఈ పొగ ఎవరిది?"

నేను అగ్గిపెట్టె కొంగులో దాచుకున్నాను. బాయి స్టూల్ దిగుతూ అంది, "నిన్నటి ఇంజన్‌ది మిగిలింది సారూ."

బడి కిటికీల దగ్గర చేరిన పిల్లలు నవ్వారు. సార్ కూడా నవ్వు ఆపుకోలేక రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడు కానీ వదల్లేదు. రెండోసారి దొరికారు కాబట్టి భట్టీలు పడగొట్టాల్సిందే, అయినా మీ మాట కూడా వింటాను, రేపు సాయంత్రం బడి వరండాకు రండి అన్నాడు.

మరునాడు వరండా నిండిపోయింది. హోటళ్ళవాళ్ళం, పంతులమ్మ, పిల్లల తల్లులు, షిఫ్టు ముగించుకొచ్చిన పనివాళ్ళు. నా గొంతు మామూలుగానే గని గేటు దాకా వినపడుతుంది. ఆరోజు గని లోపలికి కూడా వినపడి ఉంటుంది.

"సారూ, మా ఐదు భట్టీలకు అట్ట పట్టినవ్. మంచిదే. అగో, గా పవర్‌హౌస్ గొట్టం కనబడుతున్నదా? పొద్దుమాపు పొగ తోల్తనే ఉంటది. దానికి పట్టినవా? నీ అట్ట అంత ఎత్తుకు అందదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. సార్ నిజాయితీ గల మనిషి, బుకాయించలేదు. "ఆ గొట్టం నా చేతిలో లేదమ్మా. దానికి హద్దు రాయాల్సింది పైవాళ్ళు. ఇంకా సరిగ్గా రాయలేదు," అన్నాడు.

"అయితే గది రాసినంక రా. అప్పటిదాకా నా భట్టి జోలికి రాకు."

మళ్ళీ చప్పట్లు. గెలిచాననుకున్నాను. అప్పుడు సార్ వెనక వరసలో కూర్చున్న మా ఆయన వైపు తిరిగాడు. "మీరు గనిలో గ్యాసు చూస్తారట కదా. హోటల్ మీ ఇంటామెదే. మీరు ఏమంటారు?"

మా ఆయన లేచాడు. మెల్లగా, నేల వైపు చూస్తూ అన్నాడు, "హద్దు ఉండాలె సార్."

వరండా ఘొల్లుమంది. "గింక ఇంట్ల బువ్వ దొరకది అన్నా నీకు!" అని ఎవరో అరిచారు. నా ఒళ్ళు మండిపోయింది. అందరి ముందే అడిగాను, "ఏమయ్యా, నా భట్టి కూలగొట్టమంటున్నవా?"

"నేను గట్ల అన్ననా? జర ఇను. గనిల గ్యాసు హద్దు దాటితే పని బందు పెడ్తం. గంతేగాని గనినే పూడుస్తమా? లోపలికి గాలి మంచిగ తోలి, గ్యాసు దిగినంక మళ్ళ పని నడిపిస్తం." సార్ వైపు తిరిగాడు. "హద్దు పెట్టుండ్రి. ఐదుగురికి ఒక్కతీర్గ పెట్టుండ్రి. ఒక్క నెల టైమియ్యిండ్రి. గొట్టాలు మేం కట్టుకుంటం. ఆమె చెప్పిన గొట్టం సంగతి గూడ మీ కాయితంల రాసి పైకి పంపుండ్రి. అది అబద్ధం కాదు."

పంతులమ్మ ముందుగా లేచి, నెల అయితే మేం ఓర్చుకుంటాం అంది. సార్ ఆలోచించి తల ఊపాడు. పవర్‌హౌస్ మాట నేను చూస్తుండగానే కాగితం మీద రాశాడు. నాకు చదవడం రాదు కదా, పక్కనున్న పిల్లల తల్లితో చదివించుకున్నాకే వదిలిపెట్టాను.

ఇంటికి వెళ్ళాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చాయ్‌లో చక్కెర వేయలేదు. కిక్కురుమనకుండా తాగాడు. మూడోరోజు ఇటుకలు, మట్టి తెచ్చి, తన జోడీదారులిద్దరిని వెంటేసుకొని గొట్టం కట్టడం మొదలుపెట్టాడు. బతుకంతా గనిలో గాలి నడిపించిన మనిషి కదా, పొగను కూడా అలాగే నడిపిద్దామనుకున్నాడు. నేల మీద అడ్డంగా సొరంగంలాగా కొంత దూరం తీసుకుపోయి, రెండు మలుపులు తిప్పి, అప్పుడు పైకి లేపాడు. ముగ్గురూ గడ్డాలు నిమురుకుంటూ నిలబడ్డారు. నేను భట్టి అంటించాను. పొగ మలుపు దాకా పోయి, దారి తప్పినట్టు వెనక్కి తిరిగి, తిన్నగా మా మీదికే వచ్చింది. నలుగురం దగ్గుకుంటూ బయటపడ్డాం. బడి పిల్లలు గోడెక్కి చూసి చప్పట్లు కొట్టారు.

"సర్దారన్నా, దీపం తెచ్చుకోకపోతివి!" అని బాయి అరిచింది.

నాకు కోపం పోయింది అక్కడే. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. "గిది గని గాదయ్యా. పొగ నీ కూలోడు గాదు, మలుపులు తిరిగి పోవుటానికి. సీద పైకి లేపు," అన్నాను. సీదాగా, బడి కప్పు కంటే ఎత్తుగా లేపాక పొగ పిల్లల వైపు దిగడం మానేసింది. అదే కొలతతో మిగతా నలుగురికీ కట్టారు. ఆ పైన ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. కొత్త బొగ్గు ఒకేసారి ఇద్దరి కంటే ఎక్కువ వేయకూడదు, అదీ పొద్దున బడి మొదలయ్యే గంట కొట్టకముందే. దానికోసం ఉదయం గిరాకీ కాస్త ముందే ముగించుకునేవాళ్ళం. ఎవరి వంతు ఎప్పుడో చూసే పని నాకు అప్పగించారు. గొంతు పెద్దది కదా.

"బాయీ, ఇయ్యాల నీది రెండో వంతు! అగ్గిపెట్టె లోపట పెట్టు!" అని పొద్దున్నే అరిచేదాన్ని.

"సార్ పోయిండు, గీ అక్క వచ్చింది. సారే నయముండె," అని బాయి గొణిగేది. గొణిగినా ఆగేది.

నెల తిరిగాక సార్ వచ్చి అట్ట పట్టి చూశాడు. రెండో గడి దాటలేదు. నా భట్టి నాకు మిగిలింది. ఇంకోటి కూడా అప్పుడే గమనించాను. ఐదుగురం ఒక్కతీరుగా ఆగుతున్నాం కాబట్టి ఎవరి గిరాకీ ఎవరి దగ్గరికీ పోలేదు. మునుపు నేనొక్కదాన్నే ఆగినప్పుడు మూడు రోజుల్లో ఓడిపోయాను. ఇప్పుడు ఏళ్ళు గడిచినా ఎవరమూ ఓడిపోలేదు. మా ఆయన పుండు మీద చల్లాడనుకున్న ఉప్పు ఇదన్నమాట. ఆయన బతికుండగా మాత్రం ఈ మాట ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మరునాడు కొట్లాడుకోవడానికి ఏముంటుంది?

కొన్నేళ్ళు గడిచాక రేడియోలో కొత్త మాట మొదలైంది. పొగలతో భూమి మొత్తం వేడెక్కుతోందట, పొగ ఏ దేశానిదైనా అందరి నెత్తినే కూర్చుంటుందట. మా ఆయన కాళ్ళు సాగక మంచానికి అంటుకున్నా, ఆ వార్త వస్తే లేచి కూర్చునేవాడు. "సూసినవా, గిప్పుడు అందరు బడి వరండాల కూసున్నరు," అనేవాడు. "ఒకలొకలు నువ్వు ముందాగు అంటే నువ్వు ముందాగు అంటున్నరు. అందరికి ఒక్కపారి హద్దు రాయకపోతే ఎవ్వడాగుతడే?"

"అందరి గొట్టాలు ఒక్క ఎత్తు లేవు గదయ్యా. పెద్ద గొట్టమోడు ఎక్కువ ఆగాలె, చిన్న భట్టోళ్ళకు టైమియ్యాలె," అనేదాన్ని.

ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఇదే చెబుతాను. హద్దు రాయాలి. సర్కారే రాయాలి, మంచితనం మీద వదిలితే మూడు రోజులకంటే నిలవదు. నాకు తెలుసు, నేనే నిలవలేదు. కానీ రాసేవాళ్ళు ముందు ఆ పెద్ద గొట్టం కింద నిలబడి రాయాలి. తర్వాత మా దగ్గరికి వచ్చి, ఏ వేళకు ఎందుకు వెలిగిస్తామో అడగాలి. అడిగితే మేమే చెబుతాం ఎలా తగ్గించాలో. అడగకపోతే ఏ ఇంజన్ చాటునో దాక్కుంటాం. రాసినవాళ్ళు గడువు ఇవ్వాలి. గడువు ఇచ్చి మరచిపోకుండా మళ్ళీ రావాలి, ఆ సార్ వచ్చినట్టు.

ఇందులో సగానికి పైగా మా ఆయన మాటలే. సరే, ఒప్పుకున్నాను. పవర్‌హౌస్ మాట మాత్రం నాదే, దాన్ని ఆయన ఖాతాలో వేయొద్దు.

రాసినవా బిడ్డా అంతా? ఏదీ, మొదటి నుంచి చదువు. మీ పెదబాపు మాటలు వచ్చిన కాడ గొంతు పెంచి చదువు. ఆయన మెల్లగ మాట్లాడేటోడు, నా మాటల కింద పడి వినబడకుంట పోతయ్.